శనివారం క్లాసు

"ఇంకొంచెం గట్టిగా నొక్కమ్మా" అన్నట్టే ఉంది ఇంగ్లీషులో ఇన్‌స్ట్రక్టర్ గొంతు. సీపీఆర్ క్లాసు ఇది, గుండె ఆగినవాళ్ల ఛాతీని నొక్కి రక్తం ఆడేలా చేయడం బొమ్మ మీద నేర్పుతారు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 2 అంగుళాల లోతు. మూడో రౌండుకే మణికట్లు లాగేశాయి, నా చెమట బొట్లు బొమ్మ ఛాతీ మీదే పడుతున్నాయి.

పక్కనున్న ఆయన రాత్రంతా గోడౌన్‌లో డ్యూటీ చేసి నేరుగా వచ్చేశాడు. మా ఫైర్ స్టేషన్‌లో నాలాగే వాలంటీరు. ఈ క్లాసుకి డబ్బు కట్టాలంటే వచ్చేవాణ్ని కాదు, పిల్లల డేకేర్‌కే జీతం అయిపోతోంది అన్నాడు. ఇక్కడ నార్త్ కరోలినాలో 58 కమ్యూనిటీ కాలేజీలున్నాయి, వాటిలో ఫైర్, రెస్క్యూ వాళ్లకి ఇలాంటి ట్రైనింగ్ ఫీజు రాష్ట్రమే మాఫీ చేస్తుంది. నాకైతే పన్ను డబ్బుకి ఇంతకంటే మంచి ఖర్చు కనపడలేదు.

నొక్కుతున్నంతసేపూ నాన్నే గుర్తొచ్చారు. ఊళ్లో అరుగు మీద కుప్పకూలినప్పుడు చుట్టూ ఇరవై మంది ఉన్నారు, ఒకరు విసనకర్రతో విసిరారు, ఒకరు అరికాళ్లు రుద్దారు, అందరూ ప్రేమగానే చేశారు, కానీ 108 వచ్చేదాకా ఛాతీ మీద చెయ్యి వెయ్యాలని ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు.

వచ్చే వారం పసిపిల్లలకి చేసేది. రెండు బొటనవేళ్లతో నొక్కాలట.