పులికాట్‌లో పండుగప్ప

సంక్రాంతి వెళ్లిన వారం, ఇంకా తెల్లారకముందే బావా నేనూ తిరుపతిలో కారెక్కాం. శ్రీకాళహస్తి దాటేసరికి ఎండ వచ్చింది. నాయుడుపేటలో టిఫిన్ చేశాం. బావ వాళ్లది సూళ్లూరుపేట. పండక్కి వెళ్లలేకపోయాడు కాబట్టి అమ్మను చూసిరావాలని బయల్దేరాడు. నా పని వేరు. పులికాట్ సరస్సులో వల వేసేవాళ్లతో మాట్లాడాలి. కొంత నీటికి హద్దు గీసి వేట మానేస్తే చేపలు నిజంగా పెరుగుతాయా, పెరిగితే ఆ పెరిగింది వల వేసేవాళ్ల దాకా వస్తుందా? ఎమ్మెస్సీ జువాలజీ చదివిన రోజుల నుంచీ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

దొరవారిసత్రం దగ్గర హైవే దిగి నేలపట్టులో ఒక గంట ఆగాం. చెరువు నీళ్లలో కడప చెట్లు, వాటి నిండా గూడబాతులు. వాచ్ టవర్ మీంచి చూస్తే ఒక పిల్ల తన తలకాయ మొత్తం తల్లి గొంతు సంచిలోకి దూర్చేసి, రెక్కలు టపటప కొట్టుకుంటూ తింటోంది. అది తినే చేపలో చాలా భాగం పులికాట్‌దే. 1976లో దీన్ని అభయారణ్యం చేశారు గానీ, అంతకుముందు నుంచే ఈ పక్షుల్ని కాచుకున్నది ఊరివాళ్లు. రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలానికి పారితే పంట బాగుంటుందని వాళ్లకు తెలుసు. లాభం కళ్లముందు కనిపిస్తే కాపలా దానంతటదే వస్తుంది. ఆ మాట ఆ రోజంతా నా మనసులో ఉండిపోయింది.

సూళ్లూరుపేటలో చెంగాళమ్మకు దండం పెట్టుకుని, అత్తయ్య పెట్టిన అరిసెలు తిని, శ్రీహరికోట రోడ్డెక్కాం. సరస్సును చీల్చుకుంటూ పోయే ఆ రోడ్డుకు రెండు పక్కలా నీళ్లే. అటకానితిప్ప దగ్గర ఫ్లెమింగోలు వందల్లో ఉన్నాయి, తలలు కిందికి దించి బురద జల్లెడ పడుతున్నాయి. ఎదురుగా దీవి, అక్కడి నుంచి ఇస్రో రాకెట్ కేంద్రం షార్ వాళ్ల హద్దు. మామూలు మనిషికి ఇక లోపలికి దారి లేదు.

ఆ హద్దు చూడగానే నాకు ఫ్లోరిడాలోని కేప్ కెనావరల్ గుర్తొచ్చింది. అక్కడా రాకెట్ కేంద్రమే, పక్కనే మన పులికాట్ లాంటి ఉప్పునీటి కయ్యలు. 1962లో భద్రత కోసం అందులో కొంత నీటిని మూసేశారు. చేపల కోసం కాదు, రాకెట్ల కోసం. ఏళ్ల తర్వాత సైంటిస్టులు లోపల వల వేసి చూస్తే, బయటి కంటే చేపలు చాలా ఎక్కువగా, చాలా పెద్దవిగా ఉన్నాయి. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి. మూసిన నీటి అంచుల్లో గాలం వేసేవాళ్లకు ప్రపంచ రికార్డు సైజు చేపలు వరుసగా పడటం మొదలైంది. తక్కువ కాలం బతికే రకాల్లో ఈ ఫలితం ముందు కనిపించింది. ఎక్కువ కాలం బతికే డ్రమ్ చేపల్లో కనిపించడానికి పాతికేళ్లకు పైనే పట్టింది. చేప ఆయుష్షును బట్టి మన ఓపిక ఉండాలన్నమాట.

పులికాట్‌లో ఆంధ్ర భాగం కూడా 1976 నుంచి అభయారణ్యమే. కానీ అది పక్షుల కోసం గీసిన హద్దు. చుట్టూ ఊళ్లకు వేటే బతుకుదెరువు కాబట్టి అది సాగుతూనే ఉంది, సాగాలి కూడా.

మధ్యాహ్నం తడ మీదుగా భీమునివారిపాలెం చేరాం. బీవీ పాలెం అంటే అందరికీ తెలుస్తుంది. ఇరకం దీవికి పడవలు వెళ్లేది అక్కడినుంచే. రేవులో ఒక పెద్దాయన వల దులుపుకుంటున్నాడు. అరవై దాటి ఉంటాయి. బావ ఊరి పేరు చెప్పి పరిచయం చేసుకున్నాక, "రా అబ్బయ్యా, కూర్చో, వల తీసేది ఉండాది, చూద్దువుగానీ" అని నాటు పడవ ఎక్కించుకున్నాడు. లోతు లేదు. గెడ వేసి తోస్తే మూరెడు దిగి నేల తగులుతోంది.

వల పైకి తీశాడు. ముందు నాచు, తర్వాత నాలుగు పీతలు, గుప్పెడు రొయ్యలు, వేలెడేసి బొంత చేపలు. అడుగున ఒక పండుగప్ప. అరచేతి కంటే కొంచెం పొడుగు, అంతే. వెండిలా మెరిసే ఒళ్లు, ఎండ తగిలితే బంగారంలా వెలిగే కన్ను. ఆయన వల కన్నులో వేలు పెట్టి చూపించాడు, రెండో వేలు దూరలేదు. "మా నాయన వలకి మూడు వేళ్లు పట్టేవి. ఇప్పుడు మూడు వేళ్ల వల వేస్తే ఇంటికి నీళ్లే తీసకపోవాల" అన్నాడు.

పండుగప్ప సంగతి నాకు తెలుసు కాబట్టి మనసు చివుక్కుమంది. ఈ చేప పుట్టినప్పుడు ఆడది కాదు. మూడు నాలుగేళ్లకు మగదిగా ఎదిగి, ఇంకా కొన్నేళ్లు బతికి పెద్దదయ్యాకే ఆడదవుతుంది. అప్పుడు గుడ్లు లక్షల్లో పెడుతుంది. పిల్లప్పుడే పట్టేస్తే సరస్సులో తల్లి అన్నదే మిగలదు. పెద్ద తల్లి విలువ ఎంతో చెప్పడానికి సైంటిస్టులు రెడ్ స్నాపర్ అనే సముద్రపు చేప లెక్క చెబుతారు. 61 సెంటీమీటర్ల తల్లి ఒక్కటి పెట్టే గుడ్లు, 42 సెంటీమీటర్ల తల్లులు 212 కలిసి పెట్టే గుడ్లతో సమానం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన సముద్రంలో మరపడవలకు ఉండే వేట నిషేధం మంచిదే, గుడ్లు పెట్టే కాలానికి ఊపిరినిస్తుంది. కానీ చేప ముసలిదయ్యే అవకాశం ఇవ్వదు. దానికి ఏడాది పొడుగునా మూసి ఉంచే చోటు కావాలి.

ఇదే ఆయనతో అన్నాను. కొంత నీటిని పూర్తిగా వదిలేస్తే ఎలా ఉంటుంది అన్నా అని. గెడ ఆపి నా వైపు చూశాడు.

"పక్షికి ఇచ్చినారు. రాకెట్‌కి ఇచ్చినారు, అది లేచే రోజు సముద్రంలోకి పోబాకండి అంటారు, పోము. ఇప్పుడు చేపకి గూడా ఇచ్చేస్తే మేం యాడికి పోవాల అబ్బయ్యా?"

కోపంగా అనలేదు. అందుకే ఆ మాట ఇంకా గట్టిగా తగిలింది.

ఆయన భయం అర్థం లేనిది కాదు. 2014లో ప్రపంచవ్యాప్తంగా 87 రక్షిత ప్రాంతాలను పోల్చి చూసిన పరిశోధనలో సగానికి పైగా చోట్ల, వేట జరిగే మామూలు నీటికీ వాటికీ పెద్ద తేడా కనిపించలేదు. బోర్డు ఉంది, చేప లేదు. బాగా పనిచేసిన చోట్ల మాత్రం కొన్ని గుణాలు కలిసి ఉన్నాయి. వేట పూర్తిగా ఆపారు, గట్టిగా కాపలా కాశారు, పదేళ్లు దాటాయి, వంద చదరపు కిలోమీటర్లకు మించిన విస్తీర్ణం ఉంది, చుట్టూ లోతైన నీళ్లో ఇసుక మేటలో ఉండి విడిగా ఉన్నాయి. అయిదింటిలో ఒకటో రెండో ఉంటే లాభం లేదు. అది తెలిసి కూడా మ్యాపు మీద గీత గీసి, పని అయిపోయిందనుకోవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. బెస్తవాళ్ల నీళ్లు పోతాయి, చేపా రాదు.

పులికాట్‌లో అంత పెద్ద విస్తీర్ణం మూయలేం, మూయకూడదు. అయితే చిన్నచోట్ల నుంచి కూడా ఫలితం వచ్చిన ఊళ్లున్నాయి. ఆయనకు కరీబియన్ సముద్రంలోని సెయింట్ లూసియా దీవి కథ చెప్పాను. అక్కడి సూఫ్రియేర్ తీరంలో 1995లో వేట చోట్లలో మూడో వంతు మూశారు. అయిదేళ్లకు మిగిలిన నీళ్లలో పెద్ద బోనులు వేసేవాళ్లకు పట్టుబడి 46 శాతం, చిన్న బోనులవాళ్లకు 90 శాతం పెరిగింది. ఫిలిప్పీన్స్‌లో సుమిలాన్ దీవి సంగతి కూడా చెప్పాను. పదేళ్లు కాచుకున్న చోట మళ్లీ వేట మొదలుపెడితే, రెండేళ్లలో మొత్తం పట్టుబడి దాదాపు సగానికి పడిపోయింది.

ఆయన చాలాసేపు విన్నాడు. తర్వాత తన లెక్క తను చెప్పాడు. "ముందు ముఖద్వారం తియ్యాల. రాయదొరువు కాడ ఇసక మేట ఏసి ఉండాది. సముద్రం నీళ్లు రాకుండా నువ్వు ఏ చోటు మూసినా చచ్చిన నీళ్లే." అక్షరాలా నిజం. బొంత, రొయ్య, పండుగప్ప అన్నీ సముద్రంలోనో, ముఖద్వారం దగ్గరో పుట్టి, పిల్లలుగా సరస్సులోకి వచ్చేవే. దారి మూసుకుపోతే అభయారణ్యం పేరుకే. నా పుస్తకాల్లో ఆ అయిదు గుణాలే ఉన్నాయి, ఈ సరస్సుకు ఆరోది ఆయన చెప్పాడు.

"ఇంకోటి. మేమొక్కళ్లం మానితే చాలదు. అరవోళ్లు గూడా మానాల." సరస్సు దక్షిణాన తమిళ ఊళ్లలో పాడు అనే పద్ధతి ఉంది. ఎవరు ఏ చోట వల వేయాలో ఊరే చీట్లు వేసి వంతులు పంచుతుంది. నీటిని పంచుకోవడం తరాలుగా తెలిసినవాళ్లు, కొంత నీటిని వదిలేయడం కూడా మాట్లాడుకోగలరని నా నమ్మకం. పైనుంచి వచ్చే జీవో కంటే అది గట్టిగా నిలుస్తుంది. మూసిన మొదటి ఏళ్ల నష్టం మాత్రం వాళ్ల నెత్తిన పెట్టకూడదు. వేట నిషేధానికి భృతి ఇస్తున్నట్టే దీనికీ ఇవ్వాలి.

తిరిగి రేవుకు వస్తుంటే దూరంగా దీవి వైపు మడ చెట్లు చూపించాడు. "ఆ మడ పక్కన గుంట ఉండాది. లోతు ఎక్కువ. పెద్ద పండుగప్ప ఉంటే ఆడే ఉంటాది. ఎండాకాలం నీళ్లు తగ్గితే అన్నీ ఆడికే చేరతాయి. మేం గూడా ఆడికే పోతాం."

"ఆ గుంట ఒక్కటి వదిలేస్తే?"

"ఎన్నేళ్లు?"

"పదేళ్లు అన్నా, తక్కువలో తక్కువ."

ఆయన వేళ్లు మడిచి ఏదో లెక్క వేసుకున్నాడు. "నా మనవడు ఇప్పుడు ఆరో తరగతి" అన్నాడు. ఇంకేమీ అనలేదు. గెడ వేసి పడవను తోశాడు. బుట్టలో పండుగప్ప ఇంకా మొప్పలు ఆడిస్తూనే ఉంది.