‘సర్’ అన్న పిలుపు దగ్గర ఆగిపోయాను: నెట్ ఇంగ్లిష్ ప్రిపరేషన్‌లో ఒక నవల

ఇంగ్లిష్‌లో యూజీసీ నెట్ (కాలేజీ అధ్యాపకుల అర్హత పరీక్ష) రాస్తున్న మిత్రుల కోసం ఇది. నేను మూడోసారికి గట్టెక్కాను. మొదటి రెండుసార్లూ నవలలన్నీ గైడ్లలోని సారాంశాలతోనే లాగించాను. ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ అంటే చాలు, డికెన్స్, 1860–61, బిల్డుంగ్స్‌రోమాన్ (ఒకరి ఎదుగుదలను చెప్పే నవల) అని గడగడా అప్పజెప్పేదాన్ని. సబ్జెక్టు పేపరైన పేపర్-2లో ప్యాసేజీ ఇచ్చి అడిగేసరికి టెన్షన్‌తో చేతులు చల్లబడేవి.

మూడోసారి ఆ ఒక్క నవలనే పెన్సిల్ పట్టుకుని, రోజుకు రెండు అధ్యాయాల చొప్పున చదివాను. మొత్తం 59. ఇరవై ఏడోది మాత్రం నాలుగు రోజులు వదల్లేదు.

ఈ నవలలో కథ చెప్పేవాడు పిప్. ఎవరిదో డబ్బుతో లండన్‌లో పెద్దమనిషి అయ్యాడు. అతన్ని పెంచిన కమ్మరి జో చూడ్డానికి అక్కడికి వస్తాడు. చేతిలోని టోపీని ఎక్కడ పెట్టాలో తెలియదు. పొయ్యిగూటి మీద పెడితే అది మాటిమాటికీ జారి పడుతుంటుంది. పిప్‌ను ఒకసారి పేరుతో, ఒకసారి ‘సర్’ అని పిలుస్తాడు. చేతులతో పెంచినవాడు మనల్ని ఉన్నట్టుండి ‘మీరు’ అంటే ఎలా ఉంటుంది? తెలుగువాళ్లకు ఆ నొప్పి ఇట్టే తెలుస్తుంది. డబ్బిచ్చి జో రాకను ఆపగలిగితే ఇచ్చేవాడినేనని పిప్ ఒప్పుకుంటాడు. ఆ మాట చెబుతున్నది కుర్ర పిప్ కాదు, పెద్దయ్యాక సిగ్గుపడుతున్న పిప్. ఆ ఇద్దరి మధ్య దూరమే ఈ నవలలో ఎదుగుదల అని నాకు అప్పుడు అర్థమైంది.

వెళ్తూ జో, జీవితమంటే ఎన్నో వీడ్కోళ్లను కలిపి అతికినదే అంటాడు. ఇనుము అతికేవాడి మాట అది! ‘పార్టింగ్’ అన్న ఆ పదం కింద గీత గీసుకున్నాను. చివరి వాక్యంలో మళ్లీ అదే కనిపించింది.

అక్కడి నుంచి లైబ్రరీకి వెళ్లాను. డికెన్స్ మొదట రాసిన ముగింపులో పిప్, అతను ప్రేమించిన ఎస్టెల్లా వీధిలో కాసేపు కలిసి విడిపోతారు. తోటి నవలాకారుడు బుల్వర్ లిట్టన్ సలహాతో దాన్ని మార్చాడు. పాత ముగింపును డికెన్స్ మిత్రుడు జాన్ ఫార్‌స్టర్ తను రాసిన డికెన్స్ జీవితచరిత్రలో బయటపెట్టాడు. మార్చిన ముగింపులోనూ చివరి వాక్యం 1861లో ఒకలా, తర్వాతి ముద్రణల్లో ఇంకోలా ఉంది. ఆమె నుంచి ‘ఏ ఎడబాటు నీడా’ కనిపించలేదన్నది మొదటిది, ‘మరో ఎడబాటు నీడ’ ఏదీ కనిపించలేదన్నది రెండోది. కలుస్తారా లేదా అన్నది రెండింటిలోనూ పూర్తిగా తేలదు. జో మాట గుర్తున్నవాళ్లకు ఆ ‘కలిశారు’ అన్న నమ్మకం ఇంకా సడలుతుంది. ఇది నా సొంత అభిప్రాయం, ఏ గైడులోనూ చూడలేదు.

విమర్శ గ్రంథాలు ఆ తర్వాతే తీయండి. పిప్‌ను పెద్దమనిషిని చేసిన డబ్బు ఆస్ట్రేలియాకు పంపేసిన మాగ్విచ్ అనే ఖైదీది. విమర్శకుడు ఎడ్వర్డ్ సయీద్ 1993లో ఆ సంగతిని సామ్రాజ్య చరిత్రలో పెట్టి చూపించాడు. నవల చదవకముందు అది నాకు బట్టీ పాయింటు. చదివాక మాగ్విచ్ ముఖం కనిపించింది.

నా నోట్సులో ఎడమ పేజీలో నవలలోని వాక్యం, కుడి పేజీలో నా ప్రశ్న. విమర్శకుల మాట వేరే రంగులో, అదీ నా ప్రశ్న రాశాకే.