బాకు, ఎర్ర గద్ద, అడవి దున్న: జగిత్యాలలో ఒక సుబేదారు ఇంట

సైన్యంలోని పదాతి డివిజన్ల (కాల్బలంతో కూడిన పెద్ద దళాల) చరిత్రను, వాటికి స్థిరపడిన మారుపేర్లను గురించి చదువుతున్న కొద్దీ, ఒక్కో డివిజన్‌కు ఉండే గుర్తును చొక్కా చేతి మీద కుట్టుకుని కొలువు చేసిన మనిషి నోట ఆ విషయాలు వినాలనే కోరిక నాకు పెరిగింది. మా మేనమామ సుబేదారుగా పదవీ విరమణ చేసి జగిత్యాలలో ఉంటున్నారు కనుక, కార్తీకంలో ఒక ఉదయం హనుమకొండలో కరీంనగర్ బస్సెక్కాను. హుజూరాబాద్ దాటాక రోడ్డుకు రెండు వైపులా వరికోతలు సాగుతున్నాయి. కరీంనగర్‌లో బస్సు మారి, గంగాధర, కొండగట్టు మీదుగా మధ్యాహ్నానికి జగిత్యాల చేరాను.

భోజనాలయ్యాక మామ తన సందూక తెరిచారు. నల్లటి రేకు మీద తెల్లరంగుతో రాసిన నంబరు, హోదా, పేరు ఇంకా చెరిగిపోలేదు. ఉన్ని స్వెట్టర్ల కింద ఒక గుడ్డసంచిలో డివిజన్ గుర్తులున్నాయి. వాటిలో ఒకదాని అంచు దారం పీచులు తేలింది, చుట్టూ సూది రంధ్రాలు వరసగా కనిపిస్తున్నాయి. "ఇది బారాముల్లాల ఉన్నప్పటిది అల్లుడా" అన్నారు. అది బాకు పట్టిన చేయి, 19వ డివిజన్ గుర్తు.

ఆ డివిజన్ పుట్టింది 1941లో మన సికింద్రాబాద్‌లోనే అని నేను చెబితే మామ సంతోషించారు. 1945 మార్చిలో బర్మాలోని మాండలేను జపాన్ సేన నుంచి గెలిచింది ఈ బాకు డివిజనే. 1948లో కశ్మీర్ యుద్ధం నడుస్తుండగా మళ్లీ ఏర్పడి, 1965 ఆగస్టులో పాకిస్తాన్ చేతిలో ఉన్న హాజీపీర్ కనుమను పట్టుకుంది. ఇటువంటి గుర్తులు వాహనాల మీద, చొక్కాల మీద ఉండడం వల్ల, డివిజన్ నంబరు శత్రువుకు తెలియకుండానే మనవాళ్లు మనవాళ్లను పోల్చుకునేవారు. మారుపేర్లలో చాలావరకు ఆ బొమ్మల నుంచే వచ్చాయి.

మామ అందులో పనిచేయకపోయినా మేము ఎక్కువసేపు మాట్లాడుకున్నది ఎర్ర గద్ద గుర్తున్న 4వ డివిజన్ గురించి. 1939లో ఈజిప్టులో ఏర్పడిన ఈ డివిజన్ 1941లో ఎరిత్రియాలోని కెరెన్ కొండల మీద, 1944లో ఇటలీలోని కసీనో వద్ద పోరాడింది. అంత పేరున్న డివిజనే 1962లో నేటి అరుణాచల్ ప్రదేశ్‌లోని నమ్కాచూ దగ్గర, ఆ తరువాత సేలా, బొమ్డిలాలలో చైనా సేన ముందు నిలవలేకపోయింది. చలిబట్టలు, తూటాలు, దారులు సరిగా లేని చోటికి పంపిన తప్పు జవాన్లది కాదని మామ గట్టిగా అన్నారు, నా అభిప్రాయమూ అదే. ఆ ఓటమిని దాటవేసి రాసే చరిత్ర ఆ డివిజన్‌కు అన్యాయం చేస్తుంది; మూడేళ్లు తిరగకుండానే, 1965 సెప్టెంబరులో, అదే డివిజన్ పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ వద్ద చెరకు తోటల్లో పొంచి ఉండి, నీళ్లు వదిలి బురద చేసిన పొలాల్లో పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులను ఆపిన తీరు ఎంత గొప్పదో 1962 తెలిసినవారికే పూర్తిగా అర్థమవుతుంది. జీపు మీది తుపాకీతో ట్యాంకులను ధ్వంసం చేసి ప్రాణమిచ్చిన అబ్దుల్ హమీద్‌కు పరమవీర చక్రం దక్కింది అక్కడే.

మామ సంచిలోని రెండో గుర్తు అడవి దున్న, సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న 54వ డివిజన్‌ది. 1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధంలో బసంతర్ నది దగ్గర పోరాడిన ఈ డివిజన్‌లోని మేజర్ హోషియార్ సింగ్ పరమవీర చక్రం పొందారు. 1987లో శ్రీలంకకు వెళ్లిన శాంతిసేనలో ఈ డివిజన్ ఉంది, కొత్త జవానుగా మామ కూడా అప్పుడు అక్కడి జాఫ్నాలో ఉన్నారు. ఆ రోజుల గురించి ఆయన ఎక్కువ చెప్పలేదు, నేను గుచ్చి అడగలేదు.

సాయంత్రం కోట వైపు నడుస్తుంటే, భర్తీకి సిద్ధమవుతున్న ఇద్దరు పిల్లలు మామను గుర్తుపట్టి, ఏ డివిజన్‌లో చేరితే మంచిదని అడిగారు. "మీరు చేరేది రెజిమెంట్ల బిడ్డా, డివిజన్ల కాదు. రెజిమెంట్ సెంటర్ల ట్రైనింగయినంక పల్టన్‌కు, అంటే బెటాలియన్‌కు పోతరు. ఆ పల్టన్ ఏ డివిజన్ కింద ఉంటె ఆ గుర్తు కుట్టుకుంటరు, అక్కడినుంచి ఇంకో డివిజన్ కిందికి పోతె ఇంకోటి కుట్టుకుంటరు" అని ఆయన నిలబడి ఓపిగ్గా చెప్పారు.