తుఫాను నెలలకు ఇంట్లో నీళ్ళు, తిండి: ఉద్దానంలో నా అనుభవం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, అంటే ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు ఉండేవాళ్ళు దసరా సరుకులతో పాటే తుఫాను సరుకులూ కొనుక్కోవాలని నా అభిప్రాయం. 2013లో ఫైలిన్ గోపాలపూర్ దగ్గర, 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. రెండూ అక్టోబరు రెండో వారంలోనే. గాలి ఒక పూటలో పోతుంది. స్తంభాలు విరిగి, కొబ్బరిచెట్లు, జీడిచెట్లు రోడ్ల మీద పడ్డాక కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. కరెంటు లేకపోతే మోటారు తిరగదు, మోటారు తిరగకపోతే నీళ్ళు లేవు. అందుకే నేను గాలివాన రోజుకు కాకుండా ఆ తర్వాతి పది రోజులకు లెక్క వేస్తాను, అదీ నీళ్ళతో మొదలుపెట్టి.

తాగడానికి, వండడానికి మనిషికి రోజుకు నాలుగు లీటర్లు. ఐదుగురికి పది రోజులంటే 200 లీటర్లు, అంటే ఇరవై లీటర్ల క్యాన్లు పది. పురుగుమందు, యాసిడ్, పెయింటు పోసిన డబ్బాలు ఎంత కడిగినా తాగేనీళ్ళకు పనికిరావు. ప్లాస్టిక్ ఆ మందును పీల్చుకుని ఉంటుంది. క్యాన్లకు మూత బిగుతుగా ఉండాలి, అడుగున కుళాయి ఉంటే ఇంకా మంచిది. చెంబు ముంచే డ్రమ్ములో నీళ్ళు చేతుల మురికితోనే పాడవుతాయి.

వాతావరణ శాఖ అలర్టు కనీసం 48 గంటల ముందు, హెచ్చరిక కనీసం 24 గంటల ముందు ఇస్తుంది. అలర్టు వినగానే క్యాన్లు కడిగి నింపుతాను. హెచ్చరిక రాగానే మేడ మీది ట్యాంకు అంచుదాకా నింపేస్తాను, ఎందుకంటే గాలి పెరిగేలోపే కరెంటు తీసేస్తారు. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను బరువు, చోటు నుంచి కదలదు. ఖాళీదైతే ఎగిరిపోతుంది. మూతను తాడుతో కట్టి, ట్యాంకు నుంచి దిగే పైపు వాల్వు మూసేయాలి. చాలామంది మరిచిపోయేది ఇదే. కొమ్మ పడి కింద పైపు విరిగితే ట్యాంకంతా ఒక్క గంటలో కారిపోతుంది. ఈ నీళ్ళు వాడుకకు. చేతిపంపు ఉన్న వీధి అదృష్టం చేసుకున్న వీధి. దాని వాషర్లు సెప్టెంబరులోనే మార్పించుకోవాలి.

నిల్వ అయిపోయి నూతి నీళ్ళు తాగాల్సి వస్తే మరిగించడమే మేలు, కానీ అంత గ్యాసు ఉండదు. అప్పుడు బ్లీచింగ్ పౌడరు. లీటరు నీళ్ళలో 33 గ్రాములు కలిపి మూతపెట్టి ఉంచితే సున్నం అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్ళే మందు. ఇరవై లీటర్ల క్యానుకు ఆ తేట ఒక టీ చెంచా, అంటే ఐదు మిల్లీలీటర్లు, వేసి కలిపి అరగంట ఆగాలి. మూత తీస్తే సన్నగా క్లోరిన్ వాసన రావాలి. రాకపోతే ఇంకో చెంచా వేసి మళ్ళీ అరగంట. నీళ్ళు బురదగా ఉంటే ముందు పటికతో తేర్చి, నాలుగు మడతల పంచెలో వడగట్టాలి. బురదలో వేసిన క్లోరిన్‌ను ఆ మురికే తినేస్తుంది, క్రిములకు మిగలదు. పౌడరు కొత్తదై ఉండటం ముఖ్యం. తెరిచిన ప్యాకెట్టు నెలల్లో సత్తువ కోల్పోతుంది. ముక్కు దగ్గర పెడితే ఘాటు లేనిది పారేయండి. రేకు డబ్బాను తినేస్తుంది కాబట్టి గాజు లేదా ప్లాస్టిక్ సీసాలో, చీకట్లో, కిరోసిన్‌కూ ఎరువులకూ దూరంగా ఉంచాలి.

నూతికే వేయాలంటే వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు. మీటరున్నర వెడల్పు నూతిలో మూడు మీటర్ల నీళ్ళుంటే సుమారు 5300 లీటర్లు, కాబట్టి 13 గ్రాములు. పొడిగా చల్లకూడదు. బకెట్టులో ముద్దగా కలిపి, నీళ్ళు పోసి, సున్నం దిగాక తేటను వేరే బకెట్టులోకి వంచాలి. ఆ బకెట్టును చేదతాడుతో నీటి అడుగుదాకా దించి నాలుగైదుసార్లు పైకీ కిందికీ గట్టిగా ఆడించాలి. తర్వాత గంటసేపు ఎవరూ తోడకూడదు. రాత్రి పడుకునే ముందు చేస్తే ఈ గొడవే ఉండదు. ఈ కొలత మామూలు నూతికి. బాహుదా నది వరద నీరు దిగిన నూతికి చాలదు. దాన్ని మొత్తం తోడించి, ఆరోగ్య సిబ్బందిని పిలిపించి మందు ఎక్కువ మోతాదులో వేయించాలి. సముద్రపు నీరు కలిస్తే క్లోరిన్‌తో ఉప్పు పోదు, ఆ నీళ్ళు వాడుకకే.

తిండి సంగతి ఇంతకంటే తేలిక. ఐదుగురికి పది రోజులకు బియ్యం 20 కిలోలు, కందిపప్పు 3, పల్చటి అటుకులు 4, చోడిపిండి (రాగిపిండి) 2, బెల్లం 2, నూనె 2 లీటర్లు. ఉప్పు, చింతపండు, పాలపొడి, ఆవకాయ, కందిగుండ, కారంగుండ ఉండనే ఉంటాయి. మిక్సీ పనిచేయదు కాబట్టి గుండలన్నీ ముందే కొట్టించుకోవాలి. కూరగాయల్లో కంద, గుమ్మడి, ఉల్లి ఆగుతాయి. టమాటా, వంకాయ మీద డబ్బు పెట్టకండి. పల్చటి అటుకులే ఎందుకంటే నీళ్ళు చిలకరిస్తే చాలు, మెత్తబడతాయి. లావు అటుకులు కడిగి నానబెట్టాలి, నీళ్ళు దండగ. బరంపురం బజారులో చుడా పేరుతో రెండు రకాలూ దొరుకుతాయి. మొదటి రోజు ఫ్రిజ్‌లోది తినేయాలి, పొయ్యి వెలిగించలేని పూట అటుకులు, బెల్లం, కొబ్బరి, ఆ తర్వాతే బియ్యం. అన్నం గంజి వార్చకుండా అత్తెసరు పెడితే నీళ్ళు, గ్యాసు రెండూ కలిసొస్తాయి. అడ్డాకు విస్తళ్ళు ఒక కట్ట కొనుక్కుంటే కంచాలు కడిగే నీళ్ళు మిగులుతాయి. నిండు సిలిండరు ఒకటి అదనంగా ఉండాలి. తలుపులు మూసిన గదిలో బొగ్గులు, కట్టెలు వెలిగించొద్దు, ఆ పొగ ప్రాణం తీస్తుంది.

సరుకు ఎక్కడ పెట్టాలన్నదే చాలా ఇళ్ళలో తప్పుతుంది. స్లాబు ఇంట్లో అటక మంచిది. పెంకుటింట్లో అటకంత చెడ్డ చోటు లేదు. మొదటి గాలికే పెంకులు లేచి వాన నేరుగా బియ్యం మీదే పడుతుంది. అక్కడ నడిగదిలో ఎత్తు బల్ల మీద పెట్టి బరకం కప్పి కట్టాలి. బియ్యంలో ఎండిన వేపాకు వేసుకోండి. గోదాముల్లో పెట్టే గ్యాసు బిళ్ళలు మాత్రం ఇంట్లో వద్దు. వాటి నుంచి వచ్చే విషవాయువు పడుకున్నవాళ్ళను చంపుతుంది. దంపుడు బియ్యం తవుడు నూనె వల్ల తొందరగా కంపు కొడుతుంది, నిల్వకు పాలిష్ బియ్యమే. బెల్లం చెమ్మ పడుతుంది, కాగితం చుట్టి డబ్బాలో పెట్టాలి.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఉన్న ఇళ్ళు ఎన్నో ఉన్నాయి కాబట్టి ఒక మాట గట్టిగా చెబుతాను. డయాలసిస్ చేయించుకునేవారికి పై సరుకు సరిపోదు. రాలిన బొండాలు చేతికందుతాయి కదా అని కొబ్బరినీళ్ళు ఇవ్వొద్దు, వాటిలో పొటాషియం ఎక్కువ. అరటిపండు, బెల్లం కూడా అంతే. ఓఆర్ఎస్‌లోనూ పొటాషియం ఉంటుంది, డాక్టరును అడగకుండా తాగించొద్దు. ఊరగాయ, ఎండుచేప ఉప్పు వల్ల దాహం పెంచుతాయి. వారికి విడిగా పాలిష్ బియ్యం, బొంబాయి రవ్వ, సగ్గుబియ్యం, పంచదార ఉంచండి. డయాలసిస్ వాయిదా పడితే తాగే నీళ్ళు, తినే తిండి ఎంతకు తగ్గించాలో డాక్టరుతో ముందే కాగితం మీద రాయించుకుని మందుల డబ్బాలో పెట్టండి. అలర్టు వచ్చిన రోజే సెంటరుకు ఫోను చేసి వంతు ముందుకు జరపమని అడగండి. రోడ్డు మూసుకున్నాక అడిగితే వాళ్ళేమీ చేయలేరు.

డిసెంబరు దాటాక నిల్వను సంక్రాంతికి వాడేస్తాను. క్యాన్లు కడిగి బోర్లించి ఆరబెట్టి, మిగిలిన బ్లీచింగ్ పౌడరు మురుగుకాలువలో చల్లేసి, ఏప్రిల్‌లో మళ్ళీ కొత్త ప్యాకెట్టు కొంటాను. మే నెలలోనూ తుఫాన్లు వస్తాయి.