రెట్టలో గింజలు

మా చిట్టి ఆఫ్రికన్ గ్రే చిలక. రెట్టలో పొద్దుతిరుగుడు గింజలు అరగకుండా అలాగే కనిపించేసరికి టెన్షన్ మొదలైంది. పరీక్షలో బోర్నావైరస్ అని తేలింది. అది జీర్ణకోశం నరాలను దెబ్బతీస్తుంది, పొట్ట సాగిపోయి తిండి ముందుకు కదలదు. పూర్తిగా నయం చేసే మందు లేదు. వాపు తగ్గడానికి డాక్టర్ రాసిన సిరప్ వేస్తున్నాం.

గింజలు మానేశాం. పెల్లెట్లు, అంటే చిలకల కోసం తయారుచేసిన గుళికల మేత, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, ఉడికించిన గుమ్మడికాయతో మెత్తగా మెదిపి, కొంచెం కొంచెంగా నాలుగైదుసార్లు పెడతాను. నానిన తిండి తొందరగా పులుస్తుంది, మిగిలింది వెంటనే తీసేయాలి. మొదట్లో గిన్నె తిరగేసేది, మహారాణి! ఇప్పుడు నా వేలి మీద ముద్ద పెడితేనే తింటుంది.

పొద్దున్నే తిండికి ముందు వంటింటి కాటా మీద నిలబెడతాను. బరువు తగ్గుతుంటే డాక్టర్‌కి ఫోన్. తోడుకి ఇంకో చిలకను తెమ్మంటారు మా అత్తయ్య. దానికీ అంటుకుంటే? వద్దన్నాను.