పొగమంచులో మిర్చి వెనకాల

స్టుట్‌గార్ట్ స్టేషన్లో రెండు టికెట్లు తీశాను. ఒకటి నాకు, ఇంకోటి మిర్చికి. జర్మనీ రైళ్లలో బుట్టలో పట్టే బుజ్జి కుక్కలకి టికెట్ అక్కర్లేదు గానీ, ఇరవై ఎనిమిది కిలోల జర్మన్ షెపర్డ్‌కి సగం చార్జీ కట్టాలి. మూతికి తొడుగు కూడా వెయ్యాలి. ఆ తొడుగుని వీడియో కాల్లో చూసి, తెనాలిలో ఉన్న మా అమ్మ, "నూర్పిళ్లప్పుడు ఎడ్లకి కట్టే చిక్కంలా ఉందేంట్రా! ఇంతకీ దాన్ని ఎక్కడికి తీసుకెళ్తున్నావు?" అంది.

"పరీక్షకమ్మా."

"కుక్కకి పరీక్షా?"

"దానికీ, నాకూ."

ఆ పరీక్ష పేరు ఐజీపీ. పాతవాళ్లు ఇప్పటికీ షుట్జ్‌హుండ్ అనే అంటారు. మధ్యలో కొన్నేళ్లు ఐపీఓ అన్నారు, 2019 నుంచి ఈ పేరు. వాసన పట్టి జాడ వెతకడం, చెప్పిన మాట వినడం, దొంగని అడ్డుకోవడం అని మూడు భాగాలు. ఒక్కోదానికి 100 మార్కులు, ఒక్కోదాంట్లో కనీసం 70 రావాలి. రెండింట్లో 95 తెచ్చుకుని మూడోదాంట్లో 69 దగ్గర ఆగితే ఫెయిలే. మేం రాయబోయేది మొదటి మెట్టు, ఐజీపీ-1. దానికి ముందు బీహెచ్ అని ఇంకోటి ఉంటుంది, అది వసంతంలోనే గట్టెక్కాం. అందులో రాతపరీక్ష కూడా ఉంది, అది మాత్రం నాకొక్కడికే.

రైల్లో మిర్చి నా కాళ్ల దగ్గర పడుకుంది. ఉల్మ్ దగ్గర 161 మీటర్ల చర్చి శిఖరం కిటికీలోంచి కనపడింది. ఆగ్స్‌బర్గ్‌లో రైలు మారాం. షెపర్డ్ కుక్కల పిచ్చి ఉన్నవాళ్లకి ఆ ఊరు ఒక రకంగా తిరుపతి. ఆ జాతి సంఘం కేంద్ర కార్యాలయం అక్కడే ఉంది, దాని పేరు కూడా ఎస్వీయే! 1899లో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అనే మాజీ అశ్వికదళ అధికారి పెట్టిన సంఘం అది. అందం చూసి కాదు, పని చూసి కుక్కని ఎంచాలని ఆయన పట్టుదల. ఈ పరీక్షలన్నీ ఆ పట్టుదలలోంచి వచ్చినవే.

అక్కడి నుంచి చిన్న రైల్లో క్లోస్టర్‌లెష్‌ఫెల్డ్ చేరేసరికి సాయంత్రం అయిదు. లెష్ నది పక్కన ఆ నేలంతా మా డెల్టా పొలాల్లాగే బల్లపరుపుగా ఉంటుంది. కాలవలే లేవు. అక్టోబరు కాబట్టి చేలల్లో గోధుమ అప్పుడే మొలకేసింది. మిర్చిని తిప్పుతూ మరియా హిల్ఫ్ చర్చి దాకా వెళ్లాను. గుండ్రంగా ఉండే ఆ గుడి 1603లో మొదలైంది. రెగీనా ఇమ్‌హోఫ్ అనే ఆవిడ ఈ మైదానంలోనే పొగమంచులో దారి తప్పి, ఇల్లు చేరితే గుడి కట్టిస్తానని మొక్కుకుందట. మొక్కు కథ బాగుందనుకుని వచ్చి పడుకున్నాను.

తెల్లారి కిటికీ తీస్తే ఎదుటి ఇల్లు కనపడలేదు.

ఏడింటికల్లా మైదానం దగ్గర ఉన్నాం. ముందు మెడలోని చిప్ చూస్తారు. జనంలో కుక్క బెదురుతోందా, మీద పడుతోందా అని గమనిస్తారు. తర్వాత చీట్లు తీయడం. నాకు మూడో నంబరు వచ్చింది.

ఐజీపీ-1లో జాడ వేసేది మనమే. చేలో మూడొందల అడుగులు నడవాలి, రెండుచోట్ల మూల తిరగాలి, రెండు చిన్న వస్తువులు దారిలో వదలాలి. నేను తోలుముక్క ఒకటి, చెక్కముక్క ఒకటి వదిలాను. ఇరవై నిమిషాలు ఆగాక కుక్కని తేవాలి. అది మన ఒంటి వాసన ఒక్కటే పట్టదు. కాలి కింద నలిగిన మొలకకీ, కదిలిన మట్టికీ కూడా వాసన ఉంటుంది. మిర్చి నాలుగు నెలల పిల్లగా ఉన్నప్పుడు అడుగుకో సాసేజ్ ముక్క పెట్టి నేర్పాను. ఆ రోజుల్లో నా జేబుల వాసనకి ఆఫీసులో ఎవరూ నా పక్కన కూర్చునేవాళ్లు కాదు.

తిన్నగా నడవాలంటే దూరంగా ఏదో ఒకటి గుర్తు పెట్టుకోవాలి. నేను ఒక ఆపిల్ చెట్టుని చూసుకుంటూ నడిచాను. అది మంచులో మసకగా, ఉందా లేదా అన్నట్టు కనపడుతోంది. మూల తిరగ్గానే ఒక కరెంటు స్తంభాన్ని చూసుకున్నాను. ఇరవై నిమిషాల తర్వాత మిర్చితో వచ్చేసరికి చెట్టూ లేదు, స్తంభమూ లేదు. మా ఇద్దరి మధ్యా ఉన్న పది మీటర్ల తాడు, దాని చివర ఊగుతున్న తోక, అంతే.

మొదటి వంద అడుగులూ ముక్కు నేలకి ఆనించి, ఇస్త్రీ పెట్టె లాగినట్టు మెల్లగా పోయింది. తోలుముక్క దగ్గర టక్కున పడుకుంది. దాన్ని ఎత్తి జడ్జికి చూపించాను. గుండె కుదుటపడింది. ఇంకొంత దూరం పోయాక ఎడమకి తిరిగింది. అప్పుడే తిరగకూడదే, మూల ఇంకా ముందుంది కదా అనిపించింది. చెయ్యి నా మాట వినలేదు, తాడు బిగబట్టాను. మిర్చి ఆగి, తల తిప్పి నన్ను చూసింది. ఆ చూపు నేను మర్చిపోలేను. మా అమ్మ లెక్క చెప్తుంటే నేను మధ్యలో అడ్డం వచ్చినప్పుడు ఆవిడ అలాగే చూసేది. రెండు సెకన్ల తర్వాత మళ్లీ ముక్కు దించి, నన్ను లాక్కుంటూ అదే ఎడమకి పోయింది. ఇరవై అడుగులు వెళ్లాక మెత్తటి మట్టిలో ఒక బూటు అచ్చు కనపడింది. నాదే.

చివర్న చెక్కముక్క దగ్గర కూడా బుద్ధిగా పడుకుంది. జడ్జి అందరి ముందూ మార్కులు చెప్తూ నన్నడిగాడు: "కుక్క మూల సరిగ్గానే తిరిగింది. మీరు ఆపారు. ఎందుకాపారు?" ఏం చెప్తాను? పొగమంచు అన్నాను. అందరూ నవ్వారు. 86 వచ్చింది. పోయినవాటిలో చాలావరకు నా ఖాతాలోవే.

రెండో భాగంలో కూడా తప్పు నాదే, కాకపోతే పాతది. ఆదేశాలు ఏ భాషలోనైనా ఇవ్వొచ్చు, ఒక పనికి ఎప్పుడూ ఒకే మాట వాడితే చాలు. ఇంట్లో మొదటినుంచీ తెలుగే కాబట్టి "కూర్చో", "పడుకో" అనే నేర్పాను. మా క్లబ్బులో డెబ్భై దాటిన పెద్దాయన, తెలుగు ముక్క రానివాడు, మొదటి నెల్లోనే చెప్పాడు: "ఆ రెండు మాటలూ చివర్లో ఒకేలా వినపడుతున్నాయి, మార్చు." మార్చలేదు. "జర్మన్ నీకంటే దానికే త్వరగా వస్తుంది" అని మా ఆవిడ కూడా అంది. అయినా వినలేదు, పౌరుషం. ఆ రోజు నడుస్తూ నడుస్తూ "కూర్చో" అన్నాను. నేను ఆగకుండా ముందుకి పోవాలి, అది అక్కడే కూర్చోవాలి. వెనక్కి తిరిగి చూస్తే హాయిగా పడుకుని ఉంది. పది మార్కుల్లో అయిదు అక్కడే పోయాయి.

మిగతాది పరవాలేదు. 650 గ్రాముల చెక్క డంబెల్ నోట కరుచుకుని మీటరు ఎత్తు అడ్డుని దూకింది. తుపాకీ రెండుసార్లు పేలినా చెవి కూడా కదపలేదు. ఆ తర్వాత వేరే కుక్క పని చేస్తున్నంత సేపూ మైదానం పక్కన పడుకుని ఉండాలి, నేను దానికి వీపు చూపించి నిలబడాలి. మూడు భాగాల్లోనూ నాకు కష్టమైంది అదే. వెనక ఏం జరుగుతోందో తెలియదు, తల తిప్పకూడదు. 84.

మధ్యాహ్నానికి మంచు విడిపోయి ఎండొచ్చింది. క్లబ్బు వంటగదిలోంచి కాలుతున్న సాసేజ్‌ల వాసన. మనుషులకి కేకు, కాఫీ. కుక్కలకి మాత్రం అప్పుడే ఏమీ లేదు, ఇంకా దొంగ మిగిలే ఉన్నాడు.

దొంగంటే హెల్పర్. చేతికి జనపనార తొడుగు, చేతిలో మెత్తటి కర్ర. డేరాలాంటి చాటున కదలకుండా నిలబడతాడు. కుక్క వెళ్లి ముట్టుకోకుండా మొరగాలి. పారిపోతే పట్టుకోవాలి, కర్ర ఎత్తి మీదికొస్తే బెదరకుండా తొడుగునే పట్టాలి, ఆగమంటే వదిలెయ్యాలి. ఇది చూసి కుక్కని రౌడీని చేస్తున్నారని అనేవాళ్లున్నారు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. కానీ మార్కులు ఎక్కువగా పోయేది కరవడం దగ్గర కాదు, వదలడం దగ్గర. మూడుసార్లు చెప్పినా వదలకపోతే అక్కడికక్కడే బయటికి పంపేస్తారు. కొట్టి నేర్పే దారీ లేదు, ముళ్ల పట్టీలతో శిక్షణ ఇవ్వడం జర్మనీలో 2022 నుంచి నిషేధం.

మొదటిసారి "వదులు" అన్నాను. మిర్చి వినలేదు. కళ్లు మూసుకుని తొడుగుని ఇంకా గట్టిగా పట్టింది. మైదానం చుట్టూ ఒక్క శబ్దం లేదు. జడ్జి సైగ చెయ్యగానే రెండోసారి అన్నాను. వదిలింది. వదిలి, హెల్పర్ మొహం మీంచి చూపు తిప్పకుండా నిలబడింది. ఆ తర్వాత రెండుసార్లూ ఒక్క మాటకే వదిలింది. చివర్న హెల్పర్ కర్ర నేను తీసుకుని, మధ్యలో మిర్చి, అటూ ఇటూ మేమిద్దరం జడ్జి దగ్గరికి నడిచాం. దొంగ నా చెయ్యి కలిపి, "మిర్షి, గూట్" అన్నాడు. పలకడం రాదు వీళ్లకి. 88.

తిరుగు రైల్లో చిక్కంతోనే గురక పెట్టింది. అమ్మకి ఫోన్ చేశాను.

"పాసేనా?"

"ఇద్దరం పాసే. 258."

"ఎవర్నైనా కరిచిందా?"

"కరిచింది. దానికే 88 ఇచ్చారు."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి, "మరి ఆయనకి బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లు వేయించారా?" అంది.