తెర మీద పేషెంటు, ఇంట్లో హస్తం

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి, వార్డుల్లోకి విద్యార్థులను రానివ్వని రోజుల్లో, గుంటూరులో నా దగ్గర డైటెటిక్స్ (రోగులకు తగిన ఆహారం నిర్ణయించే చదువు) ఇంటర్న్‌షిప్ చేస్తున్న ఆరుగురు అమ్మాయిలకు వీడియో కాల్‌లోనే పేషెంటును చూపించవలసి వచ్చింది. మా పెద్దమ్మను రోగిగా కూర్చోబెట్టాను. ఆవిడకు ఏళ్ల తరబడి షుగరు ఉంది కనుక నటించవలసిన అవసరం లేకపోయింది.

"మామ్మగారూ, మధ్యాహ్నం అన్నం ఎంత తింటారండీ?" అని అడిగింది ఒక అమ్మాయి.

"ఎంతమ్మా, రెండు హస్తాలు."

హస్తమంటే అన్నం వడ్డించే గరిటె. ఆ అమ్మాయి రెండింటికీ కలిపి 200 గ్రాములని రాసుకొని, జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల్లో బియ్యం దగ్గరున్న అంకెతో హెచ్చవేసి, ఏడు వందల పైచిలుకు కిలోకేలరీలని తేల్చింది. అందులో రెండు తప్పులున్నాయి. 100 గ్రాములకు సుమారు 356 కిలోకేలరీలన్నది వండని బియ్యానికి. వండితే బరువు రెండున్నర, మూడు రెట్లవుతుంది కాబట్టి అన్నానికి 130 దగ్గరే ఉంటుంది. రెండో తప్పు, హస్తం ఎంతదో చూడకపోవడం.

ఆ సాయంత్రం ఆరుగురినీ ఎవరింట్లో వాళ్లను అన్నం వండి, తమ ఇంటి హస్తంతో ఒకసారి తీసినది తూచి చెప్పమన్నాను. కాటా లేని అమ్మాయి అన్నం డబ్బాలో పెట్టుకొని కిరాణా కొట్టుకు వెళ్లి తూయించుకొని వచ్చింది. ఒకరింట్లో 70 గ్రాములు వస్తే మరొకరింట్లో 120 వచ్చాయి. రోజుకు నాలుగు హస్తాలు తినే మనిషికి ఆ తేడా 260 కిలోకేలరీలు. పాఠంగా చెబితే ఇంత నాటుకునేది కాదని నా నమ్మకం. వార్డులోనైతే ట్రేలో కొలిచి వచ్చిన భోజనమే కనిపిస్తుంది, ఇంటి గిన్నెలు కనిపించవు.

ఉప్పు సంగతీ అలాగే తేలింది. "కూరల్లో తక్కువే వేస్తానమ్మా" అన్న పెద్దమ్మను, 24 గంటల ఆహారం అడిగే పద్ధతి ప్రకారం నిద్ర లేచినప్పటి నుంచి మళ్లీ మొదలుపెట్టి, మరిచిపోయినవేమైనా ఉన్నాయా అని ఓపికగా అడిగితే గోంగూర పచ్చడి, మజ్జిగ మిరపకాయలు, వడియాలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అడిగే తీరు నేర్పడానికి తెర బాగానే సరిపోయింది, ఎందుకంటే ఒకరు అడుగుతుంటే మిగతా ఐదుగురూ వింటూ, ఎక్కడ తొందరపడ్డారో తరవాత మాట్లాడుకోగలిగారు.

వాపు మాత్రం తెర మీద నేర్పలేకపోయాను. కిడ్నీ రోగి చీలమండ పైన వేలితో నొక్కి, ఆ గుంట ఎంతసేపటికి పూడుతుందో చూస్తేనే ఆ రోజు తూకంలో నీరెంతుందోనన్న అనుమానం వస్తుంది. ఆ అనుమానం లేకుండా బరువును బట్టి ప్రోటీను లెక్క కడితే తప్పుతుంది. రైల్స్ ట్యూబులో (ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం) పోసే జావ చిక్కదనమూ అంతే, చేతికి తెలియాలి.

అడిగే తీరుకు తెర చాలు, చేతికి తెలియవలసినవాటికి వార్డే కావాలి. అందుకే వార్డులు తెరిచాక కూడా మొదటి నాలుగు వారాలు వీడియోలోనే ఉంచాను. ఐదో వారం వార్డులోకి వచ్చే అమ్మాయిలను ముందుగా తూకం దగ్గరికి కాకుండా, రోగి కాళ్ల దగ్గరికి తీసుకెళ్తున్నాను.